పాళెం వెలుపలికి వచ్చిన అయ్యగారు

దూరంగా నిలబడి కేకవేసిన రోగుల మొర విని, దగ్గరికొచ్చిన రోగిని చెయ్యి చాపి ముట్టుకున్న ప్రభువుకి ముందుగా స్తోత్రం. ఈ నాలుగు మాటలు రాసే బలం నా వేళ్లకి ఆయనే ఇచ్చాడు. ఇందులో మంచి ఏదైనా కనిపిస్తే అది ఆయనది. తెలివితక్కువతనం కనిపిస్తే అది నాది.

నా పేరు సువార్తమ్మ. మాది మండపేట దగ్గర ఒక పల్లె. మా ఆయన ఆనందరావు రైసుమిల్లులో పని చేస్తారు. పొద్దున్నే మా ఇంటి ముందు నేను ఇడ్లీ వేస్తాను. మిల్లుకి వెళ్లేవాళ్లు బల్ల మీద కూర్చుని తిని వెళ్తారు. ఆదివారం గుడిలో పిల్లలకి సండే స్కూలు చెబుతాను. బైబిలు నాకు బాగా వచ్చని సంఘంలో పేరు. ఆ పేరే నాకు ఎంత పని చేసిందో ఇప్పుడు చెబుతాను.

1997 ఈస్టరు

ఈస్టరు ప్రేమవిందుకి మా స్త్రీల సమాజం వాళ్లమే వండుతాం. ఏడాది పొడుగునా ఇంటింటా పిడికెడు పిడికెడు తీసిపెట్టిన బియ్యం అది. ఆ ఏడు గంజి వారుస్తుంటే గుండిగ ఒరిగి, మరుగుతున్న గంజి నా ఎడమచేతి మీద పడింది. పక్కనున్నావిడ మీద రెండు చుక్కలు పడితే కేకలు పెట్టింది. నాకు నొప్పి తెలియలేదు. చెయ్యి తుడుచుకుని మిగతా గంజి వార్చేశాను.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. అగ్నిగుండంలో ఆ ముగ్గురు యువకుల్ని కాపాడిన దేవుడు నన్ను గంజిలో కాపాడాడని చెప్పాను. సంఘమంతా హల్లెలూయ అంది. అప్పటికే చెయ్యి బొబ్బలెక్కి ఉంది. బొబ్బ ఉన్నా నొప్పి లేకపోవడమే అద్భుతం అనుకున్నాను.

గుడి అయ్యాక అయ్యగారు మాత్రం నన్ను ఆపారు. “ఆ చెయ్యి ఒకసారి డాక్టరుకి చూపించండమ్మా. నొప్పి లేకపోవడం మంచిదో కాదో మనకి తెలీదు కదా.”

నాకు చిరాకేసింది. పాస్టరు అయ్యుండి విశ్వాసం ఇంతేనా అనుకున్నాను.

మా ప్రకాశరావు అయ్యగారి గురించి చెప్పాలి. ఆయన మా సంఘానికి వచ్చి అప్పటికి రెండేళ్లు. ఆయన భార్యని మేము అమ్మగారు అంటాం. అంతకుముందున్న అయ్యగారు ప్రసంగం చేస్తే కాలవ అవతలికి వినిపించేది. ఈయన గొంతు మూడో వరస దాటదు. పైగా శనివారం సాయంత్రం చీపురు పట్టుకుని గుడి తనే ఊడుస్తారు. కిరసనాయిలు డబ్బా సైకిలుకి తగిలించుకుని వీధిలో వెళ్తుంటే నాకు తలవంపుగా ఉండేది. స్త్రీల సమాజం కూటంలో ఒకసారి నేనే అన్నాను, “మన అయ్యగారికి ప్రసంగించడం రాదు గానీ ఊడవడం బాగా వచ్చు” అని. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తీపిగానే ఉండింది.

జూన్, జూలై

బొబ్బ పుండయింది. మానదు. ఎడమచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ వంగి, చాపినా తిన్నగా రావడం మానేశాయి. ఇడ్లీ పళ్లెం పట్టుకుంటే జారిపోయేది. మోచేతికి పైన ఎప్పటినుంచో ఉన్న పాలిపోయిన మచ్చ ఇప్పుడు అరచెయ్యంత అయింది.

మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని గుండుసూదితో పొడుస్తూ, “ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?” అని అడిగాడు. ఏదీ తెలియలేదు. కళ్లు తెరిచేసరికి ఆయన లేచి తలుపు దగ్గరగా వేస్తున్నాడు.

“పెద్ద జబ్బులాగుందమ్మా. రాజమండ్రి వెళ్లండి. మందులున్నాయి, భయపడకండి” అన్నాడు.

పెద్ద జబ్బు అంటే మా వైపు కుష్టు. ఇంటికి నడిచి వస్తుంటే ఆయన చెప్పిన రాజమండ్రి నాకు గుర్తే లేదు. బైబిల్లో మోషే అక్క మిర్యాము గుర్తొచ్చింది. మోషేకి వ్యతిరేకంగా మాట్లాడినందుకు ఆమె ఒళ్లంతా మంచులా తెల్లబడింది. ఏడు రోజులు పాళెం వెలుపల, జనం గుడారాలకి దూరంగా ఉంచిన తర్వాత మళ్లీ లోపలికి చేర్చుకున్నారు. ఈ కథ నేను సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. దైవసేవకుణ్ణి పట్టుకుని ఊడ్చేవాడని నవ్వాను కదా, అందుకే ఇది అని తేలిపోయింది. మందు కూడా అందులోనే ఉంది, ఏడు రోజులు.

మా పెరట్లో పుల్లలు దాచుకునే తాటాకు పాక ఉంది. అందులో చాప వేసుకుని కూర్చున్నాను. ఇడ్లీ పొయ్యి ఆపేశాను.

మా ఆయన వచ్చి పాక ముందు నిలబడ్డారు. “ఏంటిది సువార్తా? డాక్టరు రాజమండ్రి వెళ్లమన్నాడంట కదా.”

“ఏడు రోజులు ఆగండి. తగ్గకపోతే వెళ్దాం.”

“తగ్గుద్దని నీకెవరు చెప్పారు?”

“బైబిలు చెప్పింది.”

బైబిలు మాట వస్తే మా ఆయన నాతో వాదించరు. అదే నా ఖర్మ. అత్తగారు పళ్లెం తెచ్చి గుమ్మం అవతలే పెట్టి వెళ్లేవారు. అది అప్పుడే సంతలో కొన్న కొత్త పళ్లెం. కొత్తది ఎందుకు కొన్నారో ఇద్దరికీ తెలుసు.

పొద్దున్న లేస్తూనే చెయ్యి చూసుకునేదాన్ని. మచ్చ ఎక్కడిదక్కడే ఉంది. వేళ్లు ఇంకాస్త వంగాయి. వాన పడితే పాక కారేది. తడిసిన పుల్లల వాసనలో కూర్చుని, ఉపవాసం చాల్లేదేమోనని తిండి కూడా మానేశాను. చివరి రోజు పొద్దున్న మచ్చని గోళ్లతో గీకి చూసుకుని ఏడ్చాను. అప్పుడు మా ఆయన వెళ్లి అయ్యగారికి చెప్పారట.

అయ్యగారు సైకిలు పెరట్లోకి తోసుకొచ్చి, పాక గుమ్మం చిన్నది కదా, వంగి లోపలికి వచ్చేశారు. నేను గోడకి నక్కాను. “దగ్గరికి రాకండి. నేను మీ గురించి అన్న మాటకే నాకీ శిక్ష. క్షమించానని ఒక్క మాట అనండి.”

“ఏ మాటమ్మా?”

“ప్రసంగించడం రాదు, ఊడవడం వచ్చని...”

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. “అది నాకెప్పుడో తెలుసండి. నిజమే కదా. అందులో శిక్షకేముంది?”

“మిర్యాముకి...”

“నేను మోషేనా అమ్మా?” పుల్లల మోపు మీద కూర్చున్నారు. “ఆ కథ మీరు పిల్లలకి చెప్తుంటే నేను బయట నిలబడి విన్నాను. మోషే అందరికంటే సాత్వికుడని అక్కడే ఉంది. అది మీరు ఎప్పుడూ దాటేసి మచ్చ దగ్గరికి వెళ్లిపోతారు, పిల్లలు భయపడతారని కాబోలు. మోషే ఆమెని శిక్షించమని అడగలేదు కదా, బాగుచెయ్యమని మొరపెట్టాడు. నేనూ అదే చేస్తాను. రేపు మొదటి బస్సుకి రాజమండ్రి వెళ్దాం. మీ ఆయనకి మిల్లులో సెలవు దొరకదు, నేనొస్తాను.”

రాజమండ్రి

ఆ ఆసుపత్రి పేరు రాయను. అక్కడ అన్ని జబ్బులకీ చూస్తారు. మా జబ్బుకి మాత్రం వెనక వైపు ఒక వరండా ఉంది, రెండు పొడవాటి బల్లలు ఉన్నాయి. చీటీ చేతిలో పట్టుకుని బల్ల మీద వరసగా జరుగుతూ వెళ్లాలి. ఆ బల్ల మీద కూర్చోవడం నా వల్ల కాలేదు. పమిట ముఖమ్మీదికి లాక్కుని స్తంభం వెనక నిలబడ్డాను. “మీరక్కడే ఉండండి, మీ వంతు నేను చూస్తాను” అని అయ్యగారు నా చీటీ తీసుకుని రోగుల మధ్య కూర్చున్నారు. వేళ్లు లేని ఒక తాతతో మాటలు కలిపి, ఆయన బీడీ ముట్టించుకోలేకపోతుంటే అగ్గిపుల్ల గీసి పట్టారు. పాస్టరు బీడీ ముట్టించడమేంటని ఆ భయంలో కూడా నాకు అనిపించింది. మనిషి అంత త్వరగా మారదు.

అప్పుడే మా సంఘపెద్ద అబ్రాహాముగారు ఆ వరండాలోకి వచ్చారు. ఆయన తమ్ముడికి అదే ఆసుపత్రిలో ఆపరేషనట. దారి తప్పి ఇటు వచ్చారు.

“అయ్యగారూ, మీరిక్కడేంటండి?”

“వైద్యానికి వచ్చామండి.”

“ఎవరికండి?”

అయ్యగారు చేతిలోని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. “ప్రభువు చూసుకుంటాడు లెండి. మీ తమ్ముడుగారికి ఎలా ఉంది?”

అబ్రాహాముగారు ఆ బల్ల వైపు, గోడ మీద జబ్బు పేరు రాసిన బోర్డు వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. స్తంభం వెనక నేను పమిట ఇంకాస్త కిందికి లాక్కున్నాను. ఆయన వెళ్లిపోయాక తొంగి చూశాను. నన్ను చూడలేదు, అంతే చాలనుకున్నాను. అయ్యగారిని చూశారన్నది నాకు తట్టలేదు.

డాక్టరమ్మ నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని మోచెయ్యి దగ్గర నరం నొక్కి చూసింది. “ఇంకా ముందు రావాల్సిందమ్మా. మొదటి మోతాదు పడ్డాక ఇది మీ నుంచి ఎవరికీ అంటదు. వండుకోండి, వడ్డించండి, పిల్లల్ని ఎత్తుకోండి. చెయ్యి ఎంత మిగుల్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను” అంది. ఆ చెయ్యే నా బతుకు.

వానాకాలం

మాత్రల అట్ట మీద రోజులు అచ్చువేసి ఉంటాయి. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే చచ్చిపోతున్నాననుకున్నాను. మందు రంగేనట. ఆ తర్వాత ఒళ్లు నల్లబడింది. ఎవరైనా అడిగితే నరాల జబ్బు అని చెప్పేవాళ్లం. ఇడ్లీ పొయ్యి మళ్లీ వెలిగించాను. దసరాల నాటికి మోచెయ్యి పగిలిపోయేంత నొప్పి మొదలైంది. స్పర్శ లేని చెయ్యికి నొప్పి ఎక్కడినుంచి వచ్చిందో. మందు మార్చి, చెయ్యి కదలకుండా చెక్క కట్టి, ఇంట్లోనే ఉండమన్నారు. ఇడ్లీ మా ఆయన వేసి మిల్లుకి వెళ్లేవారు. గుడికి కూడా వెళ్లలేదు. నెల నెలా రాజమండ్రికి అయ్యగారే తోడు వచ్చేవారు. అదే బల్ల, అదే చీటీ. చెయ్యి ఉంటుందా పోతుందా అన్న భయంలో నాకు ప్రపంచం ఆ చెక్క కట్టంత అయిపోయింది. అత్తగారు నా పళ్లెం, గ్లాసు విడిగానే ఉంచారు. అంటదని డాక్టరమ్మ చెప్పిందంటే, “ఆవిడ ఇంట్లో పెట్టుకుంటుందా?” అనేవారు.

డిసెంబరు

నొప్పి తగ్గి, చెక్క కట్టు తీసి, వేళ్లు కాస్త చాపగలిగిన వారం అది. అత్తగారు గుడినుంచి వచ్చి చెప్పులు విడవకుండానే అన్నారు, “అయ్యగారికి పెద్దరోగమంట.”

“ఎవరన్నారు?”

“అబ్రాహాముగారు కళ్లారా చూశారంట. నెల నెలా వెళ్తన్నారంట. ఆయన చేత్తో ఇచ్చే గిన్నెలో తాగేది లేదంటన్నారు జనం. అమ్మగారు తెచ్చిన కూర స్త్రీల సమాజంలో ఎవరూ ముట్టలేదు. వచ్చే ఆదివారం ప్రభుబల్ల కదా, అయ్యాక పెద్దలు కూర్చుని మాట్లాడతారంట. ఇంకో అయ్యగారిని పంపమని పైవాళ్లకి రాస్తారంట.” నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయారు. ఆ రోగం ఎవరిదో ఆవిడకి తెలుసు.

నేను వెళ్లేసరికి అయ్యగారు గుడి ఊడుస్తున్నారు.

“మీరెందుకు కాదనలేదండి?” అని అడిగాను.

చీపురు ఆపకుండానే అన్నారు, “కాదంటే, మరెవరికని అడుగుతారు కదమ్మా.”

“నేను చెప్పేస్తాను.”

“మీ చెయ్యి ఇప్పుడిప్పుడే నిలబడతా ఉంది. చెప్తే మీ పొయ్యి ఆరిపోతుంది. నాకేముంది, నన్ను ఇంకో ఊరు పంపుతారు. అక్కడా గుడి ఉంటుంది, చీపురూ ఉంటుంది.”

బయటికి వస్తుంటే అమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి. “ఆయన చెప్పొద్దంటారు. మా పిల్లల పక్కన బడిలో ఎవరూ కూర్చోవడం లేదు. మీరు చెప్తే బాగుండునని నాకుంది సువార్తమ్మగారూ. నేను ఆయనంత మంచిదాన్ని కాదు.”

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. మా కాపరంలో ఆయన గొంతు పెంచింది అదొక్కసారే. “రేపట్నుంచి నీ ఇడ్లీ ఎవడు తింటాడు? మిల్లులో నా పక్కన ఎవడు నిలబడతాడు? అయ్యగారే వద్దంటన్నారు కదా, నీకేంటి?”

“ఆయన వద్దంటన్నారు కాబట్టే.”

ఆ వారమంతా ఆయన అన్నం తనే పెట్టుకు తిని మిల్లుకి వెళ్లిపోయారు. నేను ప్రార్థనలో కూర్చుంటే సండే స్కూలు పాఠమే గుర్తొచ్చేది. నా నింద మోసినవాడు సిలువ మీద ఉన్నాడని పిల్లలకి ఎన్నో ఏళ్లుగా చెప్పాను. నా నింద మోస్తున్న మనిషి సైకిలు మీద మా వీధిలోనే వెళ్తుంటే గుర్తుపట్టలేదు.

ఆదివారం గుడి నిండుగా ఉంది. ప్రార్థన అయింది, పాట అయింది. ప్రభుబల్లకి అయ్యగారు ద్రాక్షరసం గిన్నె ఎత్తి రమ్మన్నారు. మామూలుగా ముందు వరస నుంచి జనం లేచి బలిపీఠం ముందు కమ్మీ దగ్గర మోకరిస్తారు. ఎవరూ లేవలేదు. అయ్యగారు గిన్నె పట్టుకుని నిలబడే ఉన్నారు. ఎక్కడో పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది. అబ్రాహాముగారు పాటల పుస్తకం వైపు చూస్తున్నారు.

నేను చివరి వరసలో లేచాను. గంజి గురించి సాక్ష్యం చెప్పిన రోజున్న గొంతు కాదు. “వ్యాధి అయ్యగారిది కాదండి, నాది. నా చీటీ ఆయన పట్టుకున్నారు. నేను స్తంభం వెనక దాక్కున్నాను.” చేతి మీది పమిట తొలగించి మచ్చ చూపించాను. “ఇది ఇప్పుడు ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. అయినా మీకు భయమైతే అందరూ తీసుకున్నాక చివర్లో తీసుకుంటాను.”

నేను ఆ చివరి వరసలోనే ఆగిపోయాను. అయ్యగారే కమ్మీ దాటి, వరసల మధ్యనుంచి గిన్నెతో నా దగ్గరికి వచ్చారు. నేను తాగాను. అదే గిన్నె, తుడవకుండా, నేను తాగిన వైపే పెట్టుకుని ఆయన తాగారు.

ఆ రోజు కమ్మీ దగ్గరికి వచ్చినవాళ్లు కొద్దిమందే. అబ్రాహాముగారు రాలేదు. కానీ గుడి అయ్యాక పెద్దలు కూర్చోలేదు. ఎవరికి వాళ్లు తలలు వంచుకుని ఇళ్లకి వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున్న

మా ఆయన నాకంటే ముందే లేచి పొయ్యి ముట్టించి పెట్టారు. మొదటి వాయి దించాను. మిల్లువాళ్లు సైకిళ్ల మీద వచ్చారు, మా ఇంటి దగ్గర కాస్త వేగం పెంచి దాటిపోయారు. ఆవిరి చల్లారిపోతోంది. అప్పుడు అయ్యగారి సైకిలు ఆగింది. వెనక అమ్మగారు కూడా ఉన్నారు. ఇద్దరూ వీధి బల్ల మీద అందరికీ కనబడేలా కూర్చున్నారు.

నేను ఆకులు వేస్తుంటే లోపలినుంచి అత్తగారు బయటికొచ్చారు. పొద్దున్న చద్దన్నం తప్ప ఇంకేదీ ముట్టని మనిషి. చేతిలో నా పళ్లెం ఉంది, ఆ విడిగా పెట్టిన పళ్లెం. అమ్మగారి పక్కన చతికిలబడి, “ఇందులో రెండు పెట్టు. నెయ్యి వెయ్యి” అన్నారు. వీధిలో ఆగి చూస్తున్న ఒకావిడతో, “ఏంటే చూస్తన్నావు? కావాలంటే నువ్వూ కూర్చో” అన్నారు.

ఆవిడ కూర్చోలేదు. మిల్లువాళ్లు తిరిగి రావడానికి సంక్రాంతి వెళ్లాక కూడా చాలా కాలం పట్టింది. కొందరు ఇప్పటికీ రారు.

మాత్రలు పూర్తయి ఏడాది దాటింది. చిటికెన వేలు నిలబడలేదు. పక్క వేలు నిలబడింది. ఇడ్లీ పళ్లెం పట్టుకోవడానికి అది చాలు. మచ్చ కనిపిస్తే, కాలినా నొప్పి తెలియకపోతే, నాలాగా వాక్యంలో పోలిక వెతుక్కుంటూ కూర్చోకండి. వెంటనే చూపించుకోండి. అయ్యగారు కిందటేడు వేరే ఊరు బదిలీ అయ్యారు. వెళ్లేముందు చీపురు నా చేతికిచ్చారు. శనివారం గుడి ఇప్పుడు నేను ఊడుస్తున్నాను.

నెలకొకసారి రాజమండ్రి కూడా వెళ్తున్నాను, మా చుట్టుపక్కల ఊళ్లనుంచి వెళ్లేవాళ్లకి తోడు. స్తంభం వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు ముఖం కప్పుకుని ఉంటారు. వాళ్ల చీటీ నేను తీసుకుని బల్ల మీద కూర్చుంటాను. తెలిసినవాళ్లు ఎదురుపడి ఎవరికండి అని అడిగితే, “ఆ జబ్బు మనిషిని నేనేనండి” అంటాను. అది అబద్ధం కాదు కూడా.

ఇది చదివినవారు నాతో కలిసి ఒక్క నిమిషం తలవంచండి. నా వేలి కోసం కాదు. ఈ పొద్దు కూడా ఆ స్తంభం వెనక నిలబడి ఉన్న మనిషి కోసం, ఆ మనిషి చీటీ పట్టుకుని కూర్చోవడానికి మనలో ఒకరు లేవాలని ప్రార్థించండి. ఆమేన్.